గ్రూపులో పోస్టులకు లెక్క పెడితే ముచ్చట బాగుపడుతుందా?

వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో పొద్దున మిర్చికి జెండా పాట, అంటే ఆ రోజు మొదటి వేలం పాట, పాడతారు. ఆ ధర నిమిషాల్లోనే రైతుల వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చేస్తుంది. కానీ పరకాల వైపో, నర్సంపేట వైపో ఒక ఊళ్ళో బస్తాలు ఇవాళే బండి ఎక్కించాలా, రెండు రోజులు ఆగాలా అని ఆలోచిస్తున్న రైతు ఫోన్ తెరిచేసరికి ఆ ధర ఎక్కడో పైకి వెళ్ళిపోయి ఉంటుంది. దాని కింద గుడ్ మార్నింగ్ పూలు, దేవుడి ఫొటోలు, ఒక పార్టీ వీడియో, దానికి ఇంకో పార్టీ వాళ్ళ జవాబు, పురుగు మందుల దుకాణం ప్రకటన. "ఇయ్యాల రేటెంత?" అని అడిగితే "పైన పెట్టినం, చూడు అన్నా" అంటారు. ఆ జవాబు కూడా ఇంకో పోస్టే. దాంతో ధర ఇంకొంచెం పైకి జరుగుతుంది.

ఇలాంటి గ్రూపులో ఏదో ఒక రోజు అడ్మిన్ విసిగిపోయి నియమం పెడతాడు: రేపటి నుంచి ఒక్కొక్కరు రోజుకు రెండు పోస్టులే. హన్మకొండ కాలనీ గ్రూపుల్లో, భూపాలపల్లి, మంచిర్యాల సింగరేణి కార్మికుల గ్రూపుల్లో, టీచర్ల గ్రూపుల్లో, పదో తరగతి పాత బ్యాచ్‌ల గ్రూపుల్లో అంతటా ఇదే కథ. నియమం పెట్టిన మొదటి వారం గ్రూపు ప్రశాంతంగా కనిపిస్తుంది. అందరూ అడ్మిన్‌ను మెచ్చుకుంటారు. అయితే ఎవరూ మాట్లాడకపోయినా గ్రూపు ప్రశాంతంగానే ఉంటుంది. అందుకే పోస్టులు తగ్గాయా అని కాకుండా, తగ్గిన తర్వాత ఆ గ్రూపులో ఎవరి పని ఎంత తేలికైంది అని చూడాలి.

రాయడం తేలికైంది, చదవడం కాలేదు

ఒకప్పుడు పది మందికి ఒక మాట చేరాలంటే ఖర్చంతా చెప్పేవాడిదే. ఉత్తరానికి పైసలు, ఫోన్‌కు బిల్లు, ఊళ్ళో చాటింపు వేయించాలంటే డప్పు కొట్టే మనిషి. ఎస్సెమ్మెస్‌ల కాలంలోనూ ఆ ఖర్చు పూర్తిగా పోలేదు. ఒక ఎస్సెమ్మెస్‌లో ఉండే చోటు 140 బైట్లే. అందులో ఇంగ్లీషు అక్షరాలైతే 160 పట్టేవి. తెలుగు లిపిలో ఒక్కో గుర్తుకు రెండు బైట్లు కావాలి కాబట్టి 70 మాత్రమే పట్టేవి. తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో రాసే అలవాటు ఇంతగా పాతుకుపోవడానికి ఆ లెక్క కూడా ఒక కారణం.

2016లో జియో వచ్చాక డేటా చౌకైంది. రాసేవాడికి ఖర్చు దాదాపు లేకుండా పోయింది. చదివేవాడి ఖర్చు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఒక ఫార్వర్డ్ పంపడానికి రెండు సెకన్లు చాలు. అది 250 మంది ఉన్న గ్రూపులో పడితే, ఒక్కొక్కరు ఐదు సెకన్లు చూసి వదిలేసినా మొత్తం 1,250 సెకన్లు. అంటే దాదాపు 21 నిమిషాల మనుషుల సమయం. వాట్సాప్ గ్రూపులో ఒకప్పుడు గరిష్ఠంగా 256 మంది ఉండేవారు. 2022లో ఆ సంఖ్య ముందు 512కు, ఆ తర్వాత 1,024కు పెరిగింది. నిండా సభ్యులున్న గ్రూపులో అదే ఫార్వర్డ్ ఖరీదు దాదాపు గంటా ఇరవై ఐదు నిమిషాలు. పంపినవాడికి మాత్రం అప్పుడూ ఇప్పుడూ రెండు సెకన్లే.

పోస్టుల మీద పరిమితికి బలమైన వాదన ఇక్కడే ఉంది. రోజుకు రెండే అంటే, రాసేవాడికి మళ్ళీ కొంచెం ఖర్చు తగులుతుంది. ఇది పెట్టాలా, దాచుకోవాలా అని ఒక్క క్షణం ఆగుతాడు. ఆ ఒక్క క్షణంలోనే సగం చెత్త రాలిపోతుంది.

ఎవరి నోటికి తాళం పడుతుంది

ఆన్‌లైన్ చర్చల్లో అందరూ సమానంగా మాట్లాడరు. వెబ్‌సైట్ల వాడకాన్ని పరిశీలించే జేకబ్ నీల్సన్ 2006లో ఒక మోటు లెక్క చెప్పాడు: వందలో 90 మంది చదివి ఊరుకుంటారు, 9 మంది అప్పుడప్పుడు రాస్తారు, ఎక్కువ భాగం రాసేది ఆ మిగిలిన ఒక్కరే. అన్ని గ్రూపుల్లో ఈ అంకెలే ఉంటాయని కాదు. కాలనీ గ్రూపుల్లో రాసేవాళ్ళ శాతం ఇంతకంటే ఎక్కువే ఉండొచ్చు. కానీ ఏ గ్రూపు తెరిచి చూసినా ఐదారు పేర్లే మళ్ళీ మళ్ళీ కనబడతాయి.

200 మంది ఉన్న ఒక కాలనీ గ్రూపులో రోజుకు 150 పోస్టులు వస్తున్నాయనీ, అందులో 100 పోస్టులు ఆరుగురివే అనీ అనుకుందాం. మనిషికి మూడే అని పరిమితి పెడితే ఆ ఆరుగురివి 18కి దిగుతాయి. మిగతా 50 అలాగే ఉంటాయి. మొత్తం 68. అంటే గ్రూపు రద్దీ సగానికి పైగా తగ్గింది, 194 మందికి ఒక్క మాట కూడా తగ్గించుకునే అవసరం రాలేదు. నల్లా నీళ్ళు రావడం లేదని వారానికోసారి రాసే ఆమెకు ఈ నియమం ఉన్నదన్న సంగతే తెలియకపోవచ్చు. ఆమె ఫిర్యాదు మాత్రం ఇప్పుడు నలుగురి కంట పడుతుంది.

అయితే ఈ లెక్క ఆ ఆరుగురూ పనికిరానివే పెడుతున్నారని నమ్ముకుని వేసింది. ఆ ఆరుగురిలో ఒకరు కరెంటు ఆఫీసులో చేసి రిటైరైన పెద్దమనిషి అయితే? ఎవరింట్లో మీటర్ బిల్లు తేడా వచ్చినా, ఏ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోయినా ఎవరికి ఫోన్ చేయాలో, దరఖాస్తు ఎలా రాయాలో ఆయనే చెబుతాడు. పత్తి రైతుల గ్రూపులో ఆకు ఫొటో చూసి తెగులు పేరు చెప్పగలిగిన వ్యక్తి ఒక్కరే ఉంటారు. రోజుకు ఏడెనిమిది ప్రశ్నలు వస్తే ఏడెనిమిది జవాబులు ఆయనవే. రెండు పోస్టుల నియమం మొదట ఆయన నోరే కట్టేస్తుంది. మూడో ప్రశ్నకు జవాబు తెలియనివాళ్ళు చెబుతారు. మందుల దుకాణం మాట వేదమవుతుంది.

అందువల్ల ఎన్ని అనే ప్రశ్న కంటే వేటిని లెక్కపెడుతున్నాం అన్నది చాలా పెద్ద ప్రశ్న. ఈ సంగతి పెద్ద వేదికలు ఎప్పుడో గ్రహించాయి. ప్రోగ్రామర్లు వాడే స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఒకరు 24 గంటల్లో 6, 30 రోజుల్లో 50 ప్రశ్నలకు మించి అడగకూడదు. ఆ లెక్క ప్రశ్నలదే, జవాబులది కాదు. ఇంగ్లీషు వికీపీడియాలో ఒకే పేజీలో ఇతరులు రాసినదాన్ని 24 గంటల్లో మూడుసార్లకు మించి వెనక్కి తిప్పకూడదని నియమం ఉంది. ఎంత రాసినా అడ్డు లేదు. నువ్వు రాసింది నేను తీసేస్తా, నేను తీసింది నువ్వు మళ్ళీ పెడతా అనే లొల్లికే ఆ హద్దు. రెండు చోట్లా పరిమితి ఉన్నది భారం పెంచే పని మీద. సాయం చేసే పని మీద లేదు.

మన గ్రూపులకు ఇది తేలిగ్గానే వర్తిస్తుంది. కొత్త విషయం ఎత్తడానికి రోజుకు ఒకటి లేదా రెండు. ఎవరైనా అడిగినదానికి, ఆ ప్రశ్నకే తగిలించి ఇచ్చే జవాబుకు లెక్క లేదు. ఫార్వర్డ్‌కు వేరే లెక్క. ఇంత చిన్న తేడా పెట్టకుండా అన్నింటినీ పోస్టులు అనే ఒకే గాటన కట్టడం వల్లనే చాలా గ్రూపుల్లో పరిమితి మంచి నియమమై ఉండీ చెడ్డపేరు తెచ్చుకుంది.

గురి తప్పిన పరిమితికి ఒక పాత ఉదాహరణ ఉంది. ప్రకటనల ఎస్సెమ్మెస్‌ల బెడద తగ్గించాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2011 సెప్టెంబరు 27 నుంచి ఒక సిమ్‌కు రోజుకు 100 ఎస్సెమ్మెస్‌లే అని హద్దు పెట్టింది. బాధ ప్రకటనల వాళ్ళతో, దెబ్బ మాత్రం స్నేహితులతో రోజంతా ఎస్సెమ్మెస్‌ల్లో మాట్లాడుకునే కాలేజీ పిల్లలకూ తగిలింది. నవంబరులో ఆ హద్దును 200కు పెంచారు. వ్యాపారం కాని మామూలు సందేశాలకు ఈ హద్దు చెల్లదని 2012 జూలైలో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది.

నిదానం వల్ల కలిగే మేలు

పరిమితి వల్ల జరిగే ఇంకో మేలు గురించి తక్కువ మంది మాట్లాడతారు. అది చర్చ వేగాన్ని తగ్గిస్తుంది.

వేగంగా నడిచే గ్రూపు ఎప్పుడూ ఫోన్ చేతిలో ఉన్నవాళ్ళది. సింగరేణిలో గని దిగిన కార్మికుడు షిఫ్టు అయి పైకి వచ్చేదాకా ఏమీ చూడలేడు. లాభాల వాటా గురించో, క్వార్టర్ల గురించో మధ్యాహ్నం మొదలైన ముచ్చట ఆయన చూసేసరికి 180 పోస్టులు దాటి, చివరికి ఇద్దరి మధ్య తిట్ల దగ్గర ఆగి ఉంటుంది. ఆయన చెప్పాలనుకున్నది మొదటి పోస్టు గురించి. ఇప్పుడు చెబితే ఎవరు వింటారు? జగిత్యాల, నిజామాబాద్ జిల్లాల నుంచి దుబాయ్ వెళ్ళినవాళ్ళకు అక్కడి సమయం మనకంటే గంటన్నర వెనక. డ్యూటీ దిగి, వండుకుని తిని ఫోన్ పట్టుకునేసరికి ఊళ్ళో అందరూ పడుకుని ఉంటారు. ఊరి గుడికి చందా ఎక్కువ ఇచ్చేది చాలాసార్లు వాళ్ళే. ఆ గుడి గురించి గ్రూపులో జరిగే చర్చలో వాళ్ళ మాట చివరికి పడుతుంది, లేదా అసలు పడదు. ఇంట్లో వంట, పిల్లల చదువులు, అత్తమామల మందులు చూసుకుని రాత్రి పది తర్వాత ఫోన్ తెరిచే ఆడవాళ్ళ సంగతీ ఇదే. కాలనీలో నీళ్ళ ఇబ్బంది, చెత్తబండి ఇబ్బంది ఎక్కువ పడేది వాళ్ళు. గ్రూపులో తీర్పులు చెప్పేది మగవాళ్ళు.

మనిషికి రెండు మూడు పోస్టులే ఉన్నప్పుడు మధ్యాహ్నం మొదలైన ముచ్చట రాత్రికి పాతిక పోస్టుల దగ్గరే ఉంటుంది. ఆలస్యంగా వచ్చినవాళ్ళు మొత్తం చదివి, తమ మాట చెప్పగలుగుతారు. ఇద్దరి మధ్య వాదన కూడా రెండో దెబ్బకు ఆగిపోతుంది. మర్నాటికి కోపం కొంచెం చల్లారుతుంది. టెలిగ్రామ్ 2019 ఆగస్టులో పెట్టిన స్లో మోడ్ వెనక ఉన్నది ఈ ఆలోచనే. ఒక పోస్టు పెట్టిన సభ్యుడు ఇంకోటి పెట్టాలంటే అడ్మిన్ నిర్ణయించినంత సేపు, కొన్ని సెకన్ల నుంచి గంట దాకా, ఆగాలి. ఎన్ని పెట్టాలో చెప్పదు. ఎంత దగ్గర దగ్గరగా పెట్టాలో చెబుతుంది. రాజ్యసభ జీరో అవర్‌లో సభ్యుడికి మూడు నిమిషాలే ఇస్తారు. మిగతావాళ్ళకూ వంతు రావాలంటే అంతకంటే మార్గం లేదు.

అదే కారణంతో కొన్ని గ్రూపులు పెట్టే ఇంకో నియమం మాత్రం తప్పు. సాయంత్రం ఏడు నుంచి ఎనిమిది వరకే గ్రూపు తెరుస్తాం అనడం. అది అంగడి రోజు లాంటిది. అందరూ ఒకేసారి వచ్చి పడతారు, ఎవరి కేకలు వాళ్ళవి. ఒక గంటలో నూట ఇరవై పోస్టులు. రెండో షిఫ్టులో ఉన్నవాడికి ఆ గంట ఎప్పటికీ దొరకదు.

పొడవు తగ్గిస్తే మంచి మాట వస్తుందా

సంఖ్యకు కాకుండా పొడవుకు హద్దు పెట్టాలనేవాళ్ళూ ఉన్నారు. చిన్నగా రాస్తే సూటిగా రాస్తారని వాళ్ళ నమ్మకం. ట్విట్టర్ అనుభవం దీన్ని పూర్తిగా బలపరచదు. 2017 నవంబరులో ట్విట్టర్ తన హద్దును 140 నుంచి 280కి పెంచింది. అమెరికా రాజకీయ నాయకులకు జనం ఇచ్చిన జవాబులను ఆ మార్పుకు ముందూ తర్వాతా పోల్చి చూసిన ఒక పరిశోధనలో, చోటు పెరిగాక దురుసుతనం తగ్గిందనీ, మర్యాద, నిర్మాణాత్మకమైన చర్చ పెరిగాయనీ తేలింది. ఎదుటివారి పట్ల సానుభూతి, గౌరవం మాత్రం కొంత తగ్గాయని కూడా అదే పరిశోధన చెప్పింది. తిట్టడానికి రెండు ముక్కలు చాలు, కారణం చెప్పడానికి చోటు కావాలి. చోటు లేనప్పుడు మొదట రాలిపోయేది "మీరన్నదాంట్లో కొంత నిజముంది కానీ" అనే వాక్యమే.

తెలుగుకు ఇందులో ఇంకో ఇబ్బంది ఉంది. కంప్యూటర్ మన అక్షరాలను మనం లెక్కపెట్టినట్టు లెక్కపెట్టదు. లక్ష్మి అనేది మనకు రెండక్షరాల పేరు. కంప్యూటర్ అక్షరాలను గుర్తించే యూనికోడ్‌లో ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి కలిపి ఏడు. ఇంగ్లీషులో పుట్టిన ఒక అంకెను తెచ్చి తెలుగు చర్చకు హద్దుగా పెడితే వత్తులు ఎక్కువున్న మాట రాసినవాడు నష్టపోతాడు.

పైగా ఉత్తర తెలంగాణ ఊళ్ళ గ్రూపుల్లో సగం ముచ్చట రాతలో ఉండదు, వాయిస్ మెసేజ్‌లో ఉంటుంది. చదువు అంతగా లేని రైతుకు, టైపింగ్ రాని పెద్దలకు అదే దారి. నాలుగు నిమిషాల వాయిస్ కూడా లెక్కలో ఒకటే, "సరే" అన్నదీ ఒకటే. వాయిస్‌లకు హద్దు పెడితే మొదట గ్రూపు వదిలేది వాళ్ళే. ఇక్కడ సంఖ్య కంటే ఒక మంచి అలవాటు పనికొస్తుంది. వాయిస్ విన్నవాళ్ళలో ఒకరు దాని సారాన్ని ఒక్క లైనులో కింద రాయడం. కొన్ని గ్రూపుల్లో చదువుకునే పిల్లలు ఈ పని చేస్తుంటారు, అడిగి చేయించుకోదగ్గ పని.

ఫార్వర్డ్‌ల సంగతి

సొంతంగా రాసిన మాటకూ, ఎక్కడో పుట్టి చేతులు మారిన ఫార్వర్డ్‌కూ ఒకే లెక్క ఉండకూడదు. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాల పుకార్లు వాట్సాప్‌లో పాకి, దేశంలో పలుచోట్ల అమాయకులను కొట్టి చంపిన 2018లోనే ఆ సంస్థ ఇండియాలో ఒకసారికి ఐదు చాట్‌లకే ఫార్వర్డ్ అని హద్దు పెట్టింది. 2019 జనవరిలో దాన్ని ప్రపంచమంతటికీ వర్తింపజేసింది. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే చాలాసార్లు చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా చేసింది. ఆ తర్వాత అలాంటి సందేశాల ఫార్వర్డ్‌లు 70 శాతం తగ్గాయని వాట్సాపే చెప్పింది. బ్రెజిల్, ఇండియా, ఇండొనేషియా పబ్లిక్ గ్రూపుల సమాచారం మీద జరిగిన ఒక పరిశోధన దీనికి ఇంకో కోణం చూపించింది: హద్దు వల్ల అబద్ధం పాకే వేగం బాగా తగ్గుతుంది, కానీ బాగా అంటుకునే గుణమున్న సందేశాన్ని అది పూర్తిగా ఆపలేదు. ఆలస్యం కూడా చిన్న లాభం కాదు. నిజం చెప్పేవాళ్ళకు ఆ సమయమే కావాలి.

గ్రూపు స్థాయిలో చూస్తే ఫార్వర్డ్‌లను పూర్తిగా ఆపడానికే మొగ్గాలి. రోజుకు ఒకటి అని ఇస్తే, ప్రతి ఒక్కరూ తమ వాటా వాడుకోవాల్సిందే అన్నట్టు తలా ఒకటి పెడతారు. 200 మంది గ్రూపులో అది 200 కావచ్చు. పరిమితి వాటాగా మారిపోవడం ఈ నియమాలన్నిటిలో ఉన్న పెద్ద ప్రమాదం.

జెండా పాట ఒక్కటే వినిపించే గ్రూపు

పోస్టులు తగ్గించాలనే ఆలోచన చివరికి చాలాచోట్ల చేరే మజిలీ ఒకటుంది. 2018లో వాట్సాప్ ఒక సెట్టింగ్ తెచ్చింది: అడ్మిన్లు మాత్రమే పోస్టు పెట్టగలరు. ఒక్కసారి నొక్కితే లొల్లి బంద్. చాలామంది అడ్మిన్లు భయంతో కూడా నొక్కుతారు, ఎవరో ఏదో పెడితే కేసు తమ మీదికి వస్తుందని. సభ్యుడు పెట్టిన పోస్టుకు అడ్మిన్ అయినంత మాత్రాన అతను నేరం మోయనక్కరలేదని 2021లో బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. ఆ సంగతి గ్రూపుల దాకా పెద్దగా చేరలేదు.

ఈ సెట్టింగ్‌ను పరిమితి అనడం సరికాదు. ఎందుకో చెప్పడానికి మళ్ళీ ఎనుమాములకే వెళ్ళాలి. జెండా పాటలో పలికేది సాధారణంగా ఆ రోజు వచ్చిన మేలైన సరుకు ధర. పేపర్లో అదే వస్తుంది, గ్రూపులో అడ్మిన్ పెట్టేదీ అదే. ఆ తర్వాత మామూలు రాశుల దగ్గర ఖరీదుదారు ఇచ్చే ధర వేరు. తేమ ఉందని, తాలు ఉందని, రంగు తగ్గిందని కోస్తూ పోతారు. ఆ రెండు ధరల మధ్య తేడా గురించి రైతులు ఏళ్ళుగా గొంతు చించుకుంటున్నారు. ఆ తేడా ఎంతో తెలిసేది ఒకే దారిలో: నిన్న అమ్మిన రైతు తనకు క్వింటాలుకు ఎంత పడిందో తక్‌పట్టీ (అమ్మకం చీటీ) ఫొటో తీసి గ్రూపులో పెడితే. పది మంది పెడితే పదకొండోవాడు మోసపోకుండా ఉంటాడు. అడ్మిన్లు మాత్రమే మాట్లాడే గ్రూపులో జెండా పాట ధర చక్కగా, పైన ఏ పూలూ కింద ఏ పార్టీ వీడియోలూ లేకుండా కనిపిస్తుంది. అసలు ధర మాత్రం ఎప్పటికీ కనిపించదు.

కాలనీల్లోనూ ఇదే జరుగుతుంది. రేపు ఉదయం నీళ్ళు వస్తాయి అని సంఘం పెట్టిన ప్రకటన ఉంటుంది. నాలుగో గల్లీకి రాలేదు అన్న మాటకు చోటుండదు. పత్తి కొనుగోలు కేంద్రాల్లో కేంద్ర ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ తేమ 8 శాతం ఉంటే పూర్తి మద్దతు ధర ఇస్తుంది, 12 శాతం దాకా కోత పెట్టి తీసుకుంటుంది, అంతకు మించితే తీసుకోదు. ఈ నియమాన్ని ఒక అడ్మిన్ ఒక్కసారి పోస్టు పెడితే చాలు. కానీ ఇవాళ ఆ కేంద్రంలో బండ్లు ఎన్ని ఆగి ఉన్నాయో, తేమ ఎంత చూపిస్తున్నదో, వెనక్కి పంపుతున్నారో లేదో అక్కడ వరుసలో నిలబడ్డవాడే చెప్పాలి.

దీనికి మేలైన ఏర్పాటు విడదీయడం. ధరలకు, ప్రకటనలకు ఒక గ్రూపు, అందులో అడ్మిన్లే రాయాలి. ముచ్చట్లకు వేరే గ్రూపు. 2022 నవంబరులో వచ్చిన వాట్సాప్ కమ్యూనిటీలు ఈ రెండింటినీ ఒకే గొడుగు కిందికి తెచ్చాయి. ఇదీ పరిమితే, మనిషి మీద కాదు, చోటు మీద.

నియమం పెట్టిన తర్వాత

వాట్సాప్‌లో మనిషికి ఇన్ని పోస్టులే అని యంత్రంతో లెక్క పెట్టించే వీలు లేదు. గ్రూపు వివరాల్లో నియమం రాయడం, తప్పినప్పుడు అడ్మిన్ చెప్పడం, 2022లో వచ్చిన వెసులుబాటుతో ఆ పోస్టును తీసేయడం, ఇంతే. అంటే ముప్పై ఏళ్ళ అడ్మిన్ తనకు ఏడో తరగతిలో లెక్కలు చెప్పిన సార్‌తో "సార్, ఇయ్యాల మీయి మూడైనయి" అనాలి. చాలామంది అనలేరు. అనకపోతే, మరుసటి రోజు తన ఈడువాడిని ఆపినప్పుడు "సార్‌కో లెక్క, మాకో లెక్కనా?" అని వస్తుంది. పక్షపాతంగా కనిపించిన రోజే నియమం చచ్చిపోతుంది. చాలా గ్రూపుల్లో పరిమితి ఓడిపోయేది అంకె తప్పయి కాదు, ఈ మొహమాటం వల్ల. అడ్మిన్లు ఇద్దరు ముగ్గురు ఉండి, వారిలో ఒకరు వయసులో పెద్దవారై, నియమాన్ని అందరినీ అడిగి పెట్టినచోట అది నిలుస్తుంది. అడగడానికి వాట్సాప్ పోల్ ఉంది.

పరిమితితో పరిష్కరించకూడనివి కూడా కొన్ని ఉన్నాయి. గ్రూపులో ఎవరి తండ్రో చనిపోయారని వార్త వస్తే, అంత్యక్రియలు ఎన్ని గంటలకో, ఎక్కడో చెప్పిన పోస్టు మీద ఎనభై "ఓం శాంతి"లు పడతాయి. సమయం అడిగేవాళ్ళు మళ్ళీ అడుగుతారు. అయినా ఆ ఎనభైని చెత్త అనడానికి మనసొప్పదు. దుఃఖంలో ఉన్న ఇల్లు ఎవరెవరు పలకరించారో తర్వాత చూసుకుంటుంది. రాయనివాళ్ళ పేరు కూడా గుర్తుంటుంది. 2022 మేలో వచ్చిన రియాక్షన్లు "ఓకే", "థాంక్స్"ల భారాన్ని తగ్గించాయి గానీ, చావు దగ్గర చేతులు జోడించిన బొమ్మ ఒక్కటి చాలదని మన జనం అనుకుంటారు. అలాంటప్పుడు అడ్మిన్ ఆ సమయం, చోటు ఉన్న పోస్టును పైన పిన్ చేయడం మంచిది.

పాత బ్యాచ్‌ల గ్రూపుల్లో రోజూ వచ్చే గుడ్ మార్నింగ్ కూడా అంతే. పిల్లలు అమెరికాలోనో హైదరాబాద్‌లోనో ఉండి, కాజీపేటలో ఒంటరిగా ఉంటున్న మనిషికి ఆ పువ్వు బొమ్మ హాజరు పలకడం లాంటిది. రెండు రోజులు రాకపోతే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. ఆ గ్రూపు పుట్టిందే ఒకరికొకరు ఉన్నామని చెప్పుకోవడానికి. ధరల గ్రూపు కొలబద్ద తెచ్చి అక్కడ పెట్టకూడదు.

ఇక వరద రాత్రి. 2023 జూలై 26, 27 తేదీల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగిపోతే జనం ఇళ్ళ పైకప్పులెక్కి ఎదురుచూశారు. వరంగల్‌లో హంటర్ రోడ్డు చుట్టుపక్కల కాలనీల్లోకి నీళ్ళొచ్చాయి. అలాంటి రాత్రి ఎవరి పోస్టులు ఎన్నో లెక్కపెట్టడం తప్పు. కానీ అలాంటి రాత్రే గ్రూపు శుభ్రంగా ఉండాలి కూడా. ఫలానా ఇంట్లో ఇద్దరు ముసలివాళ్ళు చిక్కుకున్నారన్న కబురు పాత వరదల వీడియోల కింద పూడిపోకూడదు. ఆ పూట మనిషి మీద హద్దు ఎత్తేసి, విషయం మీద హద్దు పెట్టాలి: ఎక్కడ, ఎంతమంది, ఏం కావాలి. మిగతాది ఏదైనా వెంటనే తీసేయాలి. ఇది ముందే రాసిపెట్టుకోవాల్సిన నియమం. నీళ్ళు గుమ్మందాకా వచ్చాక చర్చించి పెట్టుకునేది కాదు.

పరిమితి పనిచేసిందా లేదా అని చూడదలచిన అడ్మిన్ మొత్తం పోస్టుల సంఖ్యను చూసి సంతోషపడకుండా, నియమానికి ముందు ఒక వారం, నెల తర్వాత ఒక వారం తీసుకుని మూడు సంగతులు లెక్కపెట్టుకోవాలి. వేర్వేరు మనుషులు ఎంతమంది రాశారు. అడిగిన ప్రశ్నల్లో ఎన్నింటికి జవాబు దొరికింది. రాత్రి తొమ్మిది తర్వాత రాసినవాళ్ళకు ఎవరైనా బదులిచ్చారా. పోస్టులు 150 నుంచి 68కి వచ్చి, రాసిన మనుషులు 40 నుంచి 55 అయితే ఆ గ్రూపులో చోటు దొరికి కొత్తవాళ్ళు మాట్లాడుతున్నారు. పోస్టులు 68కి వచ్చి, మనుషులు 40 నుంచి 20కి పడిపోతే నియమం తగలాల్సినవాళ్ళకు కాకుండా ఇంకెవరికో తగిలింది. అప్పుడు అంకెను మార్చే ముందు, మాట్లాడడం మానేసిన ఆ ఇరవై మందిలో ఇద్దరు ముగ్గురికి విడిగా ఫోన్ చేసి అడగాలి.